విమానానికీ ఒక ముహూర్తం

పెళ్లికి ముహూర్తం చూస్తాము. గృహప్రవేశానికి చూస్తాము. ఊరికి బయలుదేరేముందు వర్జ్యం వెళ్లిందో లేదో అడిగే పెద్దలు ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉన్నారు. అయితే, భూమి పొరలలో ఏ రాయి ఉన్నదో, ఏ ఖనిజం ఉన్నదో వెదకబోయే విమానం కూడా మంచివేళ చూచుకొనిగాని ఎగరదంటే ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు.

కాని అది నిజమే. ఇందులో జాతకాలు, గ్రహబలాలు లేవుగాని, సూర్యుడి ప్రమేయం మాత్రం చాలా ఉన్నది. రోజును ఎనిమిది జాములుగా విభజించి, జాముకొక అంకె కట్టే ఒక లెక్క ఉన్నది. వేళగాని వేళలో ఎగిరి తెచ్చిన కొలతలను పక్కన పెట్టి, ఆ దారినే మళ్లీ ఎగిరి రావాలనే కఠినమైన నియమం కూడా ఉన్నది. ఆ కథ ఏమిటో చూద్దాం.

నలభై మూడు వేలలో పది

అయస్కాంతానికి మన పెద్దలు పెట్టిన తెలుగు పేరు సూదంటురాయి. సూదిని అంటించుకొనే రాయి కనుక ఆ పేరు వచ్చింది. భూగోళం మొత్తం అలాంటి ఒక పెద్ద సూదంటురాయి అన్న సంగతి బడిపిల్లలు కూడా చదువుకొన్నదే. ఓడలవారి దిక్సూచి ఉత్తరంవైపు తిరగడానికి కారణం అదే.

ఈ అయస్కాంతబలాన్ని శాస్త్రజ్ఞులు నానోటెస్లాలలో కొలుస్తారు. హైదరాబాదు ప్రాంతంలో అది 43 వేల చిల్లర ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర కొంత తక్కువ, ధ్రువాల దగ్గర ఎక్కువ. ఈ పెద్ద మొత్తం భూగర్భంలో, చాలా లోతున, కరిగి కదులుతున్న ఇనుము మూలంగా పుట్టింది. దానిమీద పైపొరలలోని రాళ్లు తమవంతు కాస్త కలుపుతాయి. మాగ్నటైటు అనే ఇనుప ఖనిజం ఎక్కువగా ఉన్న రాయి బలాన్ని పెంచవచ్చు, దాని స్థితినిబట్టి తగ్గించనూవచ్చు. గ్రానైటు గుట్టల మధ్య గోడ కట్టినట్లు బారులు తీరిన నల్లరాతి పొరలను తెలంగాణలో, రాయలసీమలో చూడవచ్చు. ఆ నల్లరాయికి సూదంటు గుణం ఎక్కువ. తొలకరి పడగానే జనం పొలాలలో రవ్వలకోసం వెదికే వజ్రకరూరు దగ్గర, ఆ వజ్రాలను పైకి తెచ్చిన కింబర్లైటు గొట్టాలు నేలలో ఉన్నాయి. అటువంటివాటి జాడ తీయడానికి కూడా ఈ అయస్కాంతపు కొలతలు సాయపడతాయి.

చిక్కేమిటంటే, ఈ రాళ్లు కలిపేది బహు స్వల్పం. నెలకు నలభై మూడు వేల రూపాయల జీతం వచ్చే ఇల్లు అనుకొందాం. ఆ జమాఖర్చుల పుస్తకంలో పది రూపాయల తేడా ఎక్కడ వచ్చిందో పట్టుకోవడంవంటి పని ఇది. ఒక్కొక్కచోట తేడా వందల్లో ఉండి తేలికగా దొరుకుతుంది. లోతున మట్టి, ఇసుకరాతి పొరల కింద దాగిన పాతరాయి తాలూకు తేడా ఐదారు రూపాయలకు మించకపోవచ్చు. ఈనాటి మాగ్నెటోమీటరుకు ఆ సామర్థ్యం ఉన్నది. సీసియం ఆవిరితో పనిచేసే ఈ పరికరం నానోటెస్లాలో నూరోవంతును కూడా చూపుతుంది. మన లెక్కలో చెప్పాలంటే పైసాతో సహా చెబుతుంది.

ఆకాశంలో సాళ్లు

విమానంలో మాగ్నెటోమీటరును పెట్టడం రెండవ ప్రపంచయుద్ధంలో వచ్చిన వాడుక. సముద్రంలో మునిగి పొంచి ఉన్న శత్రువుల జలాంతర్గాములు ఇనుముతో చేసినవి గదా! వాటిని పైనుంచి పసిగట్టడానికి అమెరికాలో దీనిని తయారుచేశారు. యుద్ధం ముగియకముందే, 1944లో, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బోయర్‌టౌన్ ప్రాంతంలో దానిని ఖనిజాల జాడ తీయడానికి ఎగరవేసి చూశారు. మనదేశంలో 1967-68లో ‘ఆపరేషన్ హార్డ్ రాక్’ అనే పేరుతో అమెరికా సహాయంతో ఆంధ్రప్రదేశ్, బీహారు, రాజస్థాన్ రాష్ట్రాలలో పెద్ద ఎత్తున విమాన సర్వే జరిగింది. 2017లో కేంద్ర ప్రభుత్వం ఖనిజాలు ఉండదగిన ప్రాంతాలన్నిటినీ విమానాలతో కొలిపించే జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది.

ఈ సర్వే విమానం నడిచే తీరు పొలం దున్నడాన్ని పోలి ఉంటుంది. ఒక చివరనుంచి మరొక చివరకు తిన్నగా వెడుతుంది. అక్కడ మళ్లి, మూడు వందల మీటర్లు జరిగి, మళ్లీ తిన్నగా తిరిగి వస్తుంది. ఎత్తు ఎంతో ఉండదు. జాతీయ కార్యక్రమంలో పెట్టుకొన్న ఎత్తు ఎనభై మీటర్లు. నాలుగు తాటిచెట్లు ఒకదానిమీద ఒకటి నిలబెట్టినంత అన్నమాట. ఇలా వేల కిలోమీటర్లు సాళ్లు వేసిన తరువాత, వాటికి అడ్డంగా దూరదూరంగా కొన్ని అడ్డసాళ్లు వేస్తారు. సాలు, అడ్డసాలు కలిసేచోట రెండుసార్లు తీసిన కొలత ఒక్కటే కావాలి. కాకపోతే ఎక్కడో లెక్క తప్పిందన్నమాట.

ఎందుకు తప్పుతుంది? పరికరం మంచిదే, విమానం నడిపేవాడు నిపుణుడే, కింద రాయి కదలలేదు. కదిలింది భూమి అయస్కాంతబలమే!

నిలకడలేని సూది

లండనులో జార్జి గ్రాహం అనే గడియారాల నిపుణుడు 1722లో ఒక దిక్సూచి ముల్లును ఓపికగా గమనించాడు. దాన్ని ఎవరూ తాకకపోయినా, రోజు పొడుగునా అది రవ్వంత అటూ ఇటూ తిరుగుతూ ఉండడం ఆయన కంటపడింది. 1741 ఏప్రిల్‌లో స్వీడనులోని ఉప్సాలాలో హియోర్టర్ అనే శాస్త్రజ్ఞుడు, ఆకాశంలో ధ్రువకాంతులు వెలిగినప్పుడు ముల్లు విపరీతంగా చలించడం చూశాడు. అదే రోజున లండనులో గ్రాహం ముల్లు కూడా చలించింది. అంతదూరాన ఉన్న రెండు సూదులు ఒకేసారి చలించాయంటే, కారణం ఏ గదిలోనో ఉండేది కాదని తేలిపోయింది.

ఆ కారణం ఆకాశంలో ఉన్నది. మన తలమీద సుమారు నూరు కిలోమీటర్ల ఎత్తున, సూర్యరశ్మి తాకిడికి గాలి విద్యుత్తును ప్రవహింపజేసే గుణాన్ని పొందుతుంది. అక్కడ పగటివేళ పెద్ద విద్యుత్ప్రవాహాలు సుడులు తిరుగుతాయి. ఆ ప్రవాహాల అయస్కాంతబలం నేలమీది బలంతో కలుస్తుంది. అందువల్ల ప్రశాంతమైన రోజున కూడా మన ప్రాంతంలో కొలత పొద్దు పొడిచిన తరువాత మెల్లగా ఎక్కి, మధ్యాహ్నానికి ముందు శిఖరాన్ని అందుకొని, సాయంకాలానికి మళ్లీ సర్దుకొంటుంది. ఈ ఎక్కుదిగుడు కొన్ని పదుల నానోటెస్లాలు ఉంటుంది. అంటే, మనం వెదికే పది రూపాయల చుట్టూ రోజూ యాభై రూపాయలు వచ్చి పోతున్నాయన్నమాట.

దక్షిణానికి పోయినకొద్దీ ఇది ఇంకా పెరుగుతుంది. దిక్సూచి సూది నేలకు సరిగా సమాంతరంగా నిలిచే అయస్కాంత మధ్యరేఖ మన ద్వీపకల్పం దక్షిణపు కొనకు దగ్గరగా పోతుంది. మన తొలి రాకెట్టును 1963 నవంబరు 21న తుంబానుంచి ఎగరవేయడానికి ఆ చోటును ఎన్నుకొన్నది అందుకే. ఆ రేఖకు పైన ఆకాశంలో, ఏటి మధ్య సుడివడిలాగా, సుమారు ఆరువందల కిలోమీటర్ల వెడల్పున విద్యుత్ప్రవాహం జోరుగా సాగుతుంది. తిరునల్వేలి వంటిచోట్ల పగటి ఎక్కుదిగుడు నూరు నానోటెస్లాల వరకు పోవడం వింత కాదు.

ఇది నిత్యమూ జరిగేది. ఇక తుఫానుల సంగతి వేరు. సూర్యుడి ఉపరితలం నుంచి ఒక్కొక్కప్పుడు విద్యుత్కణాల మేఘం ఎగజిమ్ముతుంది. అది ఒకటి రెండు రోజులలో, కొండొకచో మూడు రోజులలో, భూమిని తాకుతుంది. దాని దెబ్బకు భూమి అయస్కాంతబలం గంటల తరబడి అల్లాడి, కోలుకోవడానికి రోజులు తీసుకొంటుంది. 1859 సెప్టెంబరులో వచ్చిన మహాతుఫానును బొంబాయిలోని కొలాబా పరిశీలనాలయం నమోదు చేసింది. అక్కడ బలం దాదాపు 1,600 నానోటెస్లాలు పడిపోయింది. 1989 మార్చి 13న కెనడాలోని క్విబెక్ రాష్ట్రం ఇటువంటి తుఫానుకే విద్యుత్తు కోల్పోయి, కొన్ని గంటలు చీకటిలో ఉండిపోయింది. 2024 మే 10, 11 తేదీలలో లడఖ్‌లోని హాన్లే ఆకాశం ఎర్రబడిందని పత్రికలలో చదివాము. అప్పుడు మధ్యరేఖకు దగ్గరి ప్రాంతాలలో బలం సుమారు 400 నానోటెస్లాలు తగ్గింది. 2003 తరువాత అంతటి తుఫాను రాలేదు.

కాలం దూరమైతే

తుఫాను రోజున ఎగరకూడదని ఎవరైనా చెబుతారు. కాని సర్వేవారిని ఎక్కువగా వేధించేది అంతపెద్ద తుఫాను కాదు. చిన్నచిన్న అలలు. సూర్యుడినుంచి వచ్చే కణాల గాలి జోరెక్కినప్పుడు భూమి అయస్కాంతక్షేత్రం తంబురా తీగవలె సన్నగా కంపిస్తుంది. ఒక్కొక్క కంపనం పది సెకన్లనుంచి రెండు నిమిషాలవరకు ఉండవచ్చు. అల ఎత్తు ఒకటి రెండు నానోటెస్లాలే.

అంత చిన్నదానికి భయమెందుకు? విమానం ఆగి ఉండదు గనుక. అది సెకనుకు డెబ్బై మీటర్లు పోతున్నదనుకొందాం. నలభై సెకన్లలో ఒక అల వచ్చిపోయింది. ఈలోగా విమానం రెండు కిలోమీటర్ల ఎనిమిది వందల మీటర్లు సాగిపోయింది. పరికరం రాసిన గీతలో మూడు కిలోమీటర్ల వెడల్పున ఒక గుట్టు గుట్టుగా ఉన్న ఉబ్బు కనిపిస్తుంది. లోతున దాగిన పాతరాయి కూడా అచ్చం అటువంటి ఉబ్బునే చూపుతుంది. రెంటికీ తేడా చెప్పడం ఆ గీత తరం కాదు. కాలంలో వచ్చిన మార్పును విమానం స్థలంలో వచ్చిన మార్పుగా రాసి పెట్టింది. నేలలో లేని రాయి పటం మీదికి వచ్చింది.

ఆ పటాన్ని నమ్మి ఎవరైనా అక్కడ బోరు వేయిస్తే ఏమవుతుంది? బోరు వేయడమంటే లక్షల ఖర్చు. ఒకరి చేనులోకి లారీలు, యంత్రాలు రావడం. చివరకు పైకి వచ్చేది మామూలు మట్టి. పైగా, ఉన్న ఖనిజం అల పల్లంలో పడి కనబడకుండా పోతే, అక్కడ ఏమీ లేదని రాసిన మాటను దిద్దేవారు చాలా కాలం రాకపోవచ్చు.

కదలని సాక్షి

ఈ చిక్కుకు విరుగుడుగా సర్వేవారు నేలమీద మరొక మాగ్నెటోమీటరును పెడతారు. దానిని బేస్ స్టేషను అంటారు. అది కదలదు కనుక, అందులో కనిపించే మార్పు యావత్తూ కాలంవల్ల వచ్చినదే. విమానంలోని గడియారాన్నీ, నేలమీది గడియారాన్నీ ఉపగ్రహాల సాయంతో సరిగ్గా కలిపి, ఒకదానిలోనుంచి ఒకటి తీసివేస్తే మిగిలేది రాళ్ల లెక్క.

ఆ సాక్షి కూర్చునే చోటు నిశ్శబ్దంగా ఉండాలి. దగ్గరలో లారీ పోరాదు, విద్యుత్తు తీగలు ఉండరాదు. చూచుకొనే మనిషి జేబులో తాళంచెవుల గుత్తి ఉన్నా ప్రమాదమే. ఈ చాదస్తం కొత్తది కాదు. బొంబాయిలో గుర్రపు ట్రాములు పోయి కరెంటు ట్రాములు వస్తున్నాయని తెలిసినప్పుడు, కొలాబా పరిశీలనాలయానికి మొదటి భారతీయ డైరెక్టరైన నానాభాయి మూస్ సముద్రానికి ఆవల అలీబాగులో కొత్త పరిశీలనాలయాన్ని కట్టించారు. 1904 నుంచి 1906 వరకు రెండుచోట్లా కొలతలు తీయించి, వరస తెగకుండా చూచి, అప్పుడు అక్కడికి మార్చారు. హైదరాబాదులో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారి అయస్కాంత పరిశీలనాలయం 1964 నుంచి ఉన్నది. ఇప్పుడు ఆ సంస్థ పేరుతోనే దాని ముంగిట మెట్రోరైలు స్టేషను ఉన్నది. నగరం సద్దు చేరని చౌటుప్పల్‌లో 2010 తరువాతి సంవత్సరాలలో ఆ సంస్థవారు మరొక పరిశీలనాలయం నెలకొల్పారు.

మరి బేస్ స్టేషను ఉన్నప్పుడు ఎప్పుడు ఎగిరితేనేం, తీసివేత చేసుకొంటే సరిపోదా అని తెలివైన పాఠకులు అడగవచ్చు. మెల్లగా జరిగే పగటి ఎక్కుదిగుడు విషయంలో చాలావరకు సరిపోతుంది. వేగంగా వచ్చే అలల విషయంలో సరిపోదు. బేస్ స్టేషను దగ్గర, నూరు కిలోమీటర్ల అవతల విమానం దగ్గర, అల ఒకే ఎత్తున ఉండదు. ఆకాశంలోని ప్రవాహం ఒక్కొక్కచోట ఒక్కొక్క తీరు. అంతేగాక, ఆ అల నేలలో కూడా కరెంటును పుట్టిస్తుంది. సముద్రతీరంలో, తడిమట్టిలో, గట్టిరాతిలో అది వేరువేరుగా ఉంటుంది. పక్కింటి గడియారం చూచి మన అన్నం వార్చుకోవచ్చుగాని, పక్కింటి పొయ్యి మంట చూచి వార్చుకోలేము గదా! విమానానికి రెండు పరికరాలు కట్టి, వాటి మధ్య తేడాను మాత్రమే కొలిచే పద్ధతి ఒకటున్నది. కాలంలో వచ్చే మార్పు రెంటికీ సమానమే కనుక తేడాలో అది చాలామట్టుకు పోతుంది. కాని లోతున ఉన్న రాయి జాడ కూడా ఆ తేడాలో సన్నగిల్లుతుంది.

కనుక చివరకు మిగిలేది పాత ఉపాయమే. వేళ చూచుకోవడం.

జాముకొక అంకె

జర్మనీ శాస్త్రజ్ఞుడు జూలియస్ బార్టెల్స్ 1930లలో ఒక కొలబద్ద తయారుచేశాడు. మూడేసి గంటల వ్యవధిలో సూది ఎంత అల్లాడిందో చూచి, సున్నానుంచి తొమ్మిదివరకు ఒక అంకె వేయాలన్నాడు. 1949లో దీనినే భూగోళమంతటికీ వర్తించేటట్లు మలచి కె.పి. అంకె అన్నారు. సున్నా, ఒకటి అయితే ప్రశాంతం. ఐదు, అంతకు పైన అయితే తుఫాను. జర్మనీలోని పోట్స్‌డాం నగరంనుంచి ఈ అంకెలు నేటికీ వెలువడుతున్నాయి.

మూడు గంటలంటే మన జామే. రోజుకు ఎనిమిది జాములు, ఎనిమిది అంకెలు. గ్రీనిచ్‌లో అర్ధరాత్రి మొదలయ్యే వారి మొదటి జాము మనకు ఉదయం ఐదున్నరకు మొదలవుతుంది. పొద్దు పొడుపుతో రోజును లెక్కపెట్టే మన పంచాంగానికి ఇది అనుకోకుండా కుదిరిన పొంతన.

అయితే ఈ అంకె కట్టడానికి ఆధారమైన పదమూడు పరిశీలనాలయాలలో మనదేశానిది ఒక్కటీ లేదు. అందువల్ల అది దూరపు ఊరి వాన కబురు వంటిది. గొడుగు తీసుకోవడానికి పనికివస్తుంది గాని, మన ముంగిట చినుకు పడిందో లేదో మనమే చూచుకోవాలి. అసలు తీర్పు బేస్ స్టేషనుదే. కెనడా ప్రభుత్వ సర్వేలలో వాడే ఒక నియమం ప్రకారం, నిమిషం వ్యవధిలో బేస్ స్టేషను గీత సరళరేఖనుంచి మూడు నానోటెస్లాలకు మించి పక్కకు పోరాదు. పోతే ఆ సాలు మళ్లీ ఎగరవలసిందే.

మంచివేళ ప్రాంతాన్నిబట్టి మారుతుంది. ఉత్తర కెనడాలో, ధ్రువకాంతుల కింద, అర్ధరాత్రి ప్రాంతాలలో కల్లోలం ఎక్కువ. దక్షిణ తమిళనాడులో నడిమధ్యాహ్నం చెడ్డ వేళ. మన ప్రాంతంలో పొద్దు పొడిచిన తొలిగంటలు, మళ్లీ సాయంకాలం మేలు. ఉదయంపూట ఎండ వేడికి లేచే గాలి ఎగుడుదిగుళ్లు కూడా ఉండవు కనుక, తక్కువ ఎత్తున ఎగిరేవారికి ప్రాణానికీ అదే క్షేమం. సాళ్లన్నిటినీ సరిచూడవలసిన అడ్డసాళ్లను ప్రత్యేకంగా ఇటువంటి వేళలకు దాచి ఉంచడం మంచి పద్ధతి.

రోజుల సంగతికి వస్తే, సూర్యుడు మనకు కనబడేటట్లు తనచుట్టూ తాను తిరగడానికి ఇంచుమించు ఇరవైయేడు రోజులు పడుతుంది. సూర్యుడిమీద ఒకచోటినుంచి జోరుగా వీచే కణాల గాలి ఇరవైయేడు రోజులకు మళ్లీ మనవైపు తిరగవచ్చు. విమానం మరమ్మతులు ఆ రోజులకు పెట్టుకోవడం తెలివైన పని. ఏడాదిలో మార్చి, సెప్టెంబరు ప్రాంతాలలో, పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల దగ్గర, తుఫానులు కాస్త ఎక్కువ. పదకొండేళ్లకొకసారి సూర్యుడి ఉద్రేకం ఉచ్చస్థితికి వస్తుంది. 2024 అటువంటి కాలమే.

ముందు కబురుకోసం కాపలా కూడా ఉన్నది. శ్రీహరికోటనుంచి 2023 సెప్టెంబరు 2న బయలుదేరిన ఆదిత్య-ఎల్1 నౌక 2024 జనవరి 6న, భూమికి పదిహేను లక్షల కిలోమీటర్ల దూరాన, సూర్యుడివైపు తన చోటికి చేరింది. అందులోనూ ఒక మాగ్నెటోమీటరు ఉన్నది. అంతదూరాన కణాల గాలి తగిలిన తరువాత అది మనకు చేరడానికి ఇంచుమించు అరగంటనుంచి గంటవరకు పడుతుంది. ఎగురుతున్న విమానం సాలు ముగించుకొని దిగడానికి ఆ వ్యవధి చాలు.

ఎదురుచూడడమంటే ఖర్చు. నేలమీద నిలిచిపోయిన విమానానికి అద్దె ఆగదు. సిబ్బంది జీతాలు ఆగవు. వానాకాలం తరుముకొస్తూ ఉంటుంది. ‘ఈ ఒక్కపూటకు ఎగురుదాం, తరువాత లెక్కల్లో సర్దుకొందాం’ అనే మాట అందుకే తియ్యగా వినిపిస్తుంది. కాని సర్దుబాటు చేసిన లెక్కకూ, సరిగా తీసిన లెక్కకూ గల భేదం ఇల్లు నడిపే ప్రతి గృహిణికీ తెలుసు. దేశం తన నేలలో ఏమున్నదో ఒక్కసారి కొలిపించుకొంటే, ఆ పటాన్ని పదేళ్లు, ఇరవైయేళ్లు వాడుకొంటుంది. ఒక పూట తొందర అందులో శాశ్వతంగా నిలిచిపోతుంది.

ఎప్పుడైనా మీ ఊరి పొలాలమీద, తెల్లవారిన కొద్దిసేపటికి, ఒక చిన్న విమానమో హెలికాప్టరో అంత తక్కువ ఎత్తున అదేపనిగా వెళ్లి వస్తూ ఉంటే, పిల్లలను కంగారుపడవద్దని చెప్పండి. అది నేలను చదువుతున్నది. అంతకుముందు ఎవరో ఒకరు సూర్యుడి కబురు కనుక్కొని, ఏ తోటలోనో కదలకుండా కూర్చున్న పరికరాన్ని చూచి, ఇది మంచివేళేనని చెప్పి ఉంటారు.